హామీ మీద నడిచిన రైలు: నిజాం రైల్వే పుట్టుపూర్వోత్తరాలు

సికింద్రాబాదు కేంద్రంగా 1874 నుంచి 1951 దాకా హైదరాబాదు సంస్థానంలో ప్రయాణికుల బండ్లనూ సరుకుల బండ్లనూ నడిపిన రైల్వే చరిత్రలో మూడు పేర్లతో కనిపిస్తుంది. మొదట అది నిజాం స్టేట్ రైల్వే, తరువాత నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే, చివరకు మళ్లీ నిజాం స్టేట్ రైల్వే. నడుమ వచ్చి చేరి, సుమారు నాలుగున్నర దశాబ్దాలు నిలిచి, తరువాత తొలగిపోయిన ‘గ్యారంటీడ్’ అనే ఒక్క మాటలోనే ఈ సంస్థ చరిత్ర సారం చాలావరకు ఇమిడి ఉంది. గ్యారంటీ అంటే హామీ. ఆ హామీ ఎవరు ఎవరికి ఇచ్చారు, దాని భారం ఎవరి మీద పడింది, ఆ హామీతో పరచిన పట్టాల వల్ల చివరకు ఎవరు లాభపడ్డారు అన్న ప్రశ్నలకు సమాధానం వెతకడమే ఈ రైల్వే పుట్టుపూర్వోత్తరాలను తెలుసుకోవడం.

రైలుకు ముందు

హైదరాబాదు సంస్థానం నలువైపులా భూమి ఆవరించిన రాజ్యం. తెలంగాణ తెలుగు జిల్లాలు, మరాఠ్వాడా మరాఠీ జిల్లాలు, గుల్బర్గా, రాయచూరు వంటి కన్నడ జిల్లాలు కలిసిన ఆ విశాల భూభాగానికి సొంత రేవు లేదు. ఉప్పు తీరం నుంచి లోపలికి రావాలన్నా, పత్తి లోపలి నుంచి తీరానికి చేరాలన్నా ఎడ్లబండ్లూ, లంబాడీల పెరికెడ్ల బిడారులే ఆధారం. వాగులు పొంగే వానాకాలంలో ఆ రాకపోకలు సైతం చాలాచోట్ల నిలిచిపోయేవి. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, హైదరాబాదు మీదుగా సాగిన ఏనుగుల వీరాస్వామయ్య రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’లో ఆనాటి బాటలు, మజిలీలు, ఏరులు దాటడంలోని కష్టాలు వివరంగా నమోదయ్యాయి. పరివారమూ బోయీలూ వెంట ఉన్న సంపన్నుడికే ఆ దారి అంత కష్టమైనప్పుడు, సామాన్యుడికి దూరప్రయాణం జీవితంలో ఒకసారి జరిగితే అది విశేషమే.

ఈ పరిస్థితి మారడానికి తొలి కారణం సంస్థానం వెలుపల పుట్టింది. బొంబాయి నుంచి ఆగ్నేయ దిశగా వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు నుంచి వాయవ్య దిశగా వచ్చిన మద్రాసు రైల్వే 1871లో రాయచూరు వద్ద కలిశాయి. ఈ రెండు మహానగరాలను కలిపిన పట్టాలు సంస్థానపు నైరుతి అంచును ఒరుసుకుంటూ, గుల్బర్గా, వాడి మీదుగా సాగాయి గాని రాజధానిని తాకలేదు. వాడి నుంచి సికింద్రాబాదు దాకా ఒక శాఖను నిర్మించాలన్న ఆలోచనకు బలం ఇక్కడే వచ్చింది. సికింద్రాబాదులో బ్రిటిష్ వారి పెద్ద సైనిక స్థావరం, అంటే కంటోన్మెంటు, ఉండటం వల్ల ఈ శాఖపై బ్రిటిష్ ప్రభుత్వానికి ఉన్న ఆసక్తిలో వర్తకం కన్నా సైన్యం పాలే ఎక్కువ.

మొదటి శాఖ: వాడి నుంచి సికింద్రాబాదు

1853 నుంచి దివానుగా, అంటే ప్రధానమంత్రిగా, సంస్థానాన్ని నడిపిన మొదటి సాలార్‌జంగ్, అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్, అప్పుల విషయంలో ఎంతో జాగ్రత్త గల పాలకుడు. హైదరాబాదు కంటింజెంటు అనే సైన్యపు ఖర్చుల బాకీ కిందనే సారవంతమైన బేరారు ప్రాంతం 1853లో బ్రిటిష్ వారి అధీనంలోకి వెళ్లింది, దానిని తిరిగి రాబట్టడం ఆయన జీవితకాలపు ఆశయం. కాబట్టి రైలు పేరుతో కొత్త బాకీ తెచ్చుకోవడం ఆయనకు తేలికైన నిర్ణయం కాదు. అయినా 1870లో బ్రిటిష్ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరి, నిర్మాణ వ్యయాన్ని నిజాం ప్రభుత్వం భరించే పద్ధతిపై పని మొదలైంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ అప్పటికి పసివాడు కావడంతో రాజ్యభారం సాలార్‌జంగ్‌తో కూడిన పాలకమండలి చేతిలో ఉండేది.

పట్టాల వెడల్పు కూడా సంస్థానపు అవసరాలను బట్టి గాక సామ్రాజ్యపు అవసరాలను బట్టే నిర్ణయమైంది. రెండు పట్టాల నడుమ దూరాన్ని గేజ్ అంటారు. 1676 మిల్లీమీటర్ల దూరం ఉన్నది బ్రాడ్ గేజ్, 1000 మిల్లీమీటర్లది మీటర్ గేజ్. బొంబాయి–మద్రాసు ప్రధాన మార్గం బ్రాడ్ గేజ్ కనుక, సైనికులూ ఫిరంగులూ బండి మారకుండా నేరుగా సికింద్రాబాదుకు చేరాలంటే శాఖ కూడా బ్రాడ్ గేజ్ కావలసిందే. ఖర్చు ఎక్కువైనా అదే నిర్ణయమైంది. 1874 అక్టోబరులో ప్రారంభమైన ఈ మార్గం సుమారు 190 కిలోమీటర్ల పొడవున చిత్తాపూర్, సేడం, తాండూరు, వికారాబాదు, శంకర్‌పల్లి, లింగంపల్లి మీదుగా సికింద్రాబాదు చేరింది. తెలంగాణ జనం పొగబండి అని పిలుచుకున్న వాహనం ఈ నేల మీద కూత పెట్టింది అప్పుడే.

1883: హామీ, దానిపై అలజడి

ఒకే కొసన ప్రధాన మార్గాన్ని కలిసి, రెండో కొసన రాజధాని వద్ద ఆగిపోయే శాఖకు సహజంగానే రాబడి పరిమితంగా ఉంటుంది. రైలును తూర్పున బెజవాడ వరకు, ఉత్తరాన మధ్యపరగణాలలోని చాందా వరకు పొడిగిస్తే, అంటే నేటి మహారాష్ట్రలోని చంద్రపూర్ దాకా తీసుకుపోతే, కృష్ణా డెల్టా ధాన్యమూ తెలంగాణ బొగ్గూ మోసుకుపోవచ్చునన్న ప్రణాళిక రూపొందింది. అంత పెట్టుబడి ఖజానాలో లేకపోవడంతో లండనులో ఒక కంపెనీని స్థాపించి, అక్కడి మదుపరుల సొమ్ముతో పని సాగించాలని నిర్ణయించారు. గ్యారంటీ అనే ఏర్పాటు ఇక్కడే ప్రవేశించింది.

ఆ ఏర్పాటు ఇట్లా పనిచేసేది. కంపెనీ వాటాదారులు పెట్టిన మూలధనానికి ఏటా నూటికి 5 చొప్పున రాబడి 20 సంవత్సరాల పాటు తప్పక ముట్టేటట్లు నిజాం ప్రభుత్వం హామీ ఇస్తుంది. బండ్ల సంపాదన ఆ మొత్తానికి చాలకపోతే లోటును సంస్థానపు ఖజానా పూడ్చాలి. బ్రిటిష్ ఇండియాలో తొలి రైల్వే కంపెనీలకు ఇచ్చిన హామీకి ఇది ప్రతిరూపమే. ఇందులో మదుపరికి నష్టభయం ఉండదు, కనుక వ్యయాన్ని అదుపులో ఉంచాలన్న తొందర కూడా అతనికి ఉండదు. నష్టం వస్తే భరించేది భూమిశిస్తు కట్టే రైతు. లండనులో వాటా పత్రం కొన్నవారికీ, మెదకులోనో నల్లగొండలోనో మడి దున్నే రైతుకూ నడుమ ఇట్లా ఒక అదృశ్యమైన లంకె ఏర్పడింది.

1883 ఫిబ్రవరిలో సాలార్‌జంగ్ మరణించాడు. ఆ తరువాత కొద్ది నెలలకే ఈ పథకం గురించి నగరంలో అలజడి చెలరేగింది. ఎడింబరో విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది హైదరాబాదులో విద్యాసంస్థలకు పునాది వేసిన అఘోరనాథ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం మొదలైన విద్యావంతులు పథకం వివరాలను ప్రజల ముందు పెట్టాలని, ఇంత పెద్ద భారం తలకెత్తుకునే ముందు బహిరంగ చర్చ జరగాలని కోరారు. ప్రభుత్వం దీనిని ధిక్కారంగా భావించి, 1883 మే నెలలో అఘోరనాథుని ఉద్యోగం నుంచి తొలగించి సంస్థానం నుంచి బహిష్కరించింది. సరోజినీ నాయుడు తండ్రిగా తరువాతి తరాలకు పరిచయమైన ఆయనను కొంతకాలానికి తిరిగి రానిచ్చారు. చాందా రైల్వే ఆందోళనగా పేరుపడిన ఈ ఘటనను హైదరాబాదులో ఆధునిక ప్రజాభిప్రాయం తొలిసారి గొంతెత్తిన సందర్భంగా చరిత్రకారులు పేర్కొంటారు. ఆందోళనకారులు రైలును వ్యతిరేకించలేదు, రైలుకు కట్టే వెల ఎంతో ముందుగా తెలుసుకునే హక్కును అడిగారు.

అదే ఏడాది చివర ఒప్పందం పూర్తయి, 1885 ఆరంభంలో వాడి శాఖతో సహా రైల్వే నిర్వహణ నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ చేతికి వచ్చింది.

బెజవాడ దారి, బొగ్గు దారి

కంపెనీ పని వేగంగానే సాగింది. 1886 నాటికి బండి ఓరుగల్లు ప్రాంతానికి చేరింది. అక్కడి నుంచి డోర్నకల్, ఖమ్మం, మధిర మీదుగా 1889లో బెజవాడను తాకింది. సంస్థానపు సరిహద్దు దాటి కృష్ణా జిల్లాలో సాగిన చివరి భాగం బ్రిటిష్ ప్రభుత్వపు ఆస్తి. బెజవాడ ఎక్స్‌టెన్షన్ రైల్వే అనే పేరుగల ఆ ముక్క మీద కూడా బండ్లు నడిపింది నిజాం రైల్వేనే. 1890లలో కృష్ణ మీద వంతెన పూర్తయి, తీరం వెంబడి మార్గం కూడా సిద్ధమయ్యాక బెజవాడ నలుదిక్కులకూ బండ్లు దొరికే కూడలి అయింది. రెండు వేర్వేరు పాలనల కింద విడిపోయి ఉన్న తెలుగువారికి, అంటే నిజాం రాజ్యంలోని తెలంగాణ వారికీ మద్రాసు రాజధానిలోని కోస్తా వారికీ, నడుమ నిత్యం రాకపోకలు సాగించే దారి ఏర్పడింది ఈ మార్గంతోనే.

ఈ మార్గపు రెండో ప్రయోజనం బొగ్గు. భారత భూగర్భ సర్వే శాస్త్రవేత్త విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గును కనుగొన్నాడు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ గనుల హక్కులు పొందింది. డోర్నకల్ నుంచి ఇల్లందుకు శాఖామార్గం పడింది, 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ అనే పేరు తీసుకున్న సంస్థ ఇదే. బొగ్గుకూ రైలుకూ ఉన్న సంబంధం పరస్పరమైనది: పొగబండికి బొగ్గు ఇంధనం, బొగ్గుకు పొగబండి వాహనం. బొగ్గు రవాణా పెరుగుతున్నకొద్దీ రైల్వే రాబడి కూడా నిలదొక్కుకుంది.

పట్టాల కింది నేల ఎవరిది

సంస్థానాలలో నిర్మించిన రైలుమార్గాలకు మరొక షరతు ఉండేది. పట్టాలు, స్టేషన్లు ఉన్న స్థలాలపై న్యాయాధికారాన్ని సంస్థానాధీశుడు బ్రిటిష్ వారికి అప్పగించాలి. నేల నిజాందే, నిర్మాణానికి హామీ నిజాం ఖజానాదే, కానీ స్టేషను ఆవరణలో చెల్లేది బ్రిటిష్ రెసిడెంటు కోర్టుల అధికారం. ఈ అధికారానికి హద్దు ఎక్కడ అన్న ప్రశ్న 1897లో లండనులోని ప్రీవీ కౌన్సిల్ ముందుకు వచ్చింది. అది ఆనాటి సామ్రాజ్యంలో అత్యున్నత న్యాయస్థానం. సిమ్లాలో జారీ అయిన వారంటుపై మహమ్మద్ యూసుఫుద్దీన్ అనే వ్యక్తిని నిజాం రాజ్యంలోని రైల్వే స్టేషనులో నిర్బంధించగా, రైల్వే భూములపై అప్పగించిన అధికారం రైల్వే నిర్వహణ అవసరాలకే పరిమితమని, దానితో సంబంధంలేని నేరానికి అక్కడ నిర్బంధించడం చెల్లదని ఆ న్యాయస్థానం తీర్పు చెప్పింది. సంస్థానాల సార్వభౌమత్వ చర్చలలో ఈ తీర్పు తరువాత తరచు ప్రస్తావనకు వచ్చింది.

గోదావరి లోయ, గద్వాల, కాజీపేట

శతాబ్దం మారే వేళ, 1899, 1901 సంవత్సరాల నడుమ, రెండో పెద్ద విస్తరణ జరిగింది. హైదరాబాదు–గోదావరి వ్యాలీ రైల్వే అనే పేరుతో నిజామాబాదు, నాందేడ్, పర్భణి, జాల్నా, ఔరంగాబాదు మీదుగా మన్మాడ్ చేరిన ఈ మార్గం మరాఠ్వాడా పత్తి నేలలను రాజధానితో కలిపింది. 1899–1900 నాటి ఘోరమైన కరువు ఈ ప్రాంతాలను పీడిస్తున్న కాలంలోనే దీని నిర్మాణం సాగింది. ఖర్చు తగ్గించడానికి దీనిని మీటర్ గేజ్‌లో నిర్మించారు. అందువల్ల మన్మాడ్‌లో బొంబాయి బ్రాడ్ గేజ్ బండికీ, సికింద్రాబాదులో వాడి–బెజవాడ బ్రాడ్ గేజ్ బండికీ మారక తప్పేది కాదు. ప్రయాణికుడు మూటాముల్లెతో ప్లాట్‌ఫారం మారాలి, పత్తి బేళ్లను హమాలీలు ఒక వ్యాగను నుంచి దించి మరొక వ్యాగనులోకి ఎక్కించాలి. నిర్మాణంలో మిగిలిన సొమ్ముకు ఈ శ్రమ రూపంలో దశాబ్దాల పాటు మూల్యం చెల్లించవలసి వచ్చింది. ఈ మార్గం బ్రాడ్ గేజ్‌గా పూర్తిగా మారడం ఇరవయ్యో శతాబ్దపు చివరి దశకంలో మొదలై ఈ శతాబ్దపు తొలి సంవత్సరాల దాకా సాగింది.

ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1916లో, సికింద్రాబాదు నుంచి మహబూబ్‌నగర్ మీదుగా గద్వాలకు మీటర్ గేజ్ మార్గం చేరింది. గుమ్మటాలతో, మీనారులతో నేటికీ చూపరులను ఆకట్టుకునే కాచిగూడ స్టేషను కట్టడం ఆ కాలానిదే. తరువాత ఈ మార్గం కర్నూలు మీదుగా ద్రోణాచలం వరకు సాగి దక్షిణాది మీటర్ గేజ్ మార్గాలను అందుకుంది. 1927లో కొత్తగూడేనికి శాఖ వచ్చింది. అక్కడి స్టేషనుకు భద్రాచలం రోడ్ అని పేరు పెట్టడాన్ని బట్టి, బొగ్గుతో పాటు రాములవారి భక్తులు కూడా రైల్వే లెక్కలో ఉన్నారని తెలుస్తుంది.

1929లో పూర్తయిన కాజీపేట–బల్లార్షా మార్గం వీటన్నిటిలో దేశానికి అత్యంత ముఖ్యమైనది. రామగుండం దాటి గోదావరి వంతెన మీదుగా మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూర్ అడవుల గుండా సాగి, చాందాకు సమీపంలోని బల్లార్షా వద్ద ఉత్తరాది మార్గాన్ని కలిసిన ఈ దారితో మద్రాసు, ఢిల్లీల నడుమ నేరుగా బండి నడవడం సాధ్యమైంది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ దీని మీదుగానే నడిచింది. 1883లో అలజడికి కారణమైన చాందా పథకం 46 ఏళ్ల తరువాత ఈ రూపంలో నెరవేరింది.

పట్టాల వెంట పుట్టిన ఊళ్లు

రైలు ఊళ్ల తలరాతలను మార్చింది. కాజీపేట, డోర్నకల్ వంటి చిన్న పల్లెలు కూడళ్లయ్యాయి. బొగ్గు దొరికిన చోట్ల ఇల్లందు, కొత్తగూడెం, బెల్లంపల్లి పట్టణాలయ్యాయి. ఇందూరు అన్న పాత పేరు వాడుకలో వెనుకబడి నిజామాబాదు అన్న పేరు స్థిరపడటంలో రైల్వే స్టేషను పేరుకు భాగముంది. జానకంపేట నుంచి శాఖామార్గం ఉన్న బోధనులో 1937లో చక్కెర కర్మాగారం, రైలు దారిలోనే ఉన్న వరంగల్లులో 1934లో ఆజంజాహీ బట్టల మిల్లు, సిర్పూరు ప్రాంతంలో కాగితపు మిల్లు వెలిశాయి. ముడిసరుకును తెచ్చేదీ తయారైన సరుకును బజారుకు చేర్చేదీ రైలే కనుక, సంస్థానపు పరిశ్రమల పటాన్ని రైల్వే పటం మీద పరిచి చూస్తే ఒకదాని మీద ఒకటి సరిపోతాయి.

సికింద్రాబాదు పక్కన 1893లో నెలకొన్న లాలాగూడ వర్క్‌షాపు బోగీల మరమ్మతుకు ఏర్పడినదైనా, తెలంగాణలో ఆధునిక కార్మికవర్గానికి తొలి బడుల వంటి చోట్లలో అది ఒకటి. కమ్మరం, వడ్రంగం వంటి కులవృత్తుల నైపుణ్యం కర్మాగారపు క్రమశిక్షణతో కలిసింది అక్కడ. తెలుగు, ఉర్దూ, మరాఠీ, తమిళం మాట్లాడేవారూ, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలవారూ ఒకే సైరను కూతకు పనిలోకి వెళ్లే జీవితం అక్కడ రూపుదిద్దుకుంది.

హామీ తొలగిన నాడు

కంపెనీ చేతిలోని రైల్వేను ప్రభుత్వమే కొనివేయాలన్న ఆలోచన ఆర్థిక మంత్రి అక్బర్ హైదరీ కాలంలో కార్యరూపం దాల్చింది. 1930 ఏప్రిల్ 1న రైల్వే నిజాం ప్రభుత్వపు సొంత ఆస్తి అయింది, పేరులోని ‘గ్యారంటీడ్’ అన్న మాట తొలగిపోయింది. ఇది కేవలం బోర్డు మార్పు కాదు. అంతవరకు లాభం లండనుకు పోయి నష్టభయం హైదరాబాదులో మిగిలేది, ఇకమీదట లాభనష్టాలు రెండూ ఒకే ఖజానావి అయ్యాయి. రెండు వేల కిలోమీటర్లకు పైబడిన మార్గాలున్న వ్యవస్థ నిర్ణయాలు కూడా సంస్థానంలోనే జరగడం ఆరంభమైంది.

సొంతదారు తానే అయినందువల్ల ప్రభుత్వం వేయగలిగిన పెద్ద అడుగు 1932లో కనిపించింది. ఆ రోజులలో ప్రైవేటు మోటారు బస్సులు దగ్గరి ఊళ్ల ప్రయాణికులను రైలు నుంచి లాక్కుంటున్నాయి. బ్రిటిష్ ఇండియా కూడా ఈ సమస్యనే ఎదుర్కొంటూ విచారణ సంఘాలు వేసుకుంటున్న కాలమది. హైదరాబాదు ప్రభుత్వం మాత్రం బస్సు నడిపే పనిని రైల్వేకే అప్పగించింది. 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ ప్రారంభమైంది. రైలు ఆగిన చోట బస్సు అందుకునే పద్ధతి, అంటే రెండూ పోటీపడక ఒకదానికొకటి తోడ్పడే విధానం, దీని లక్ష్యం. దేశంలో ప్రభుత్వ రంగ బస్సు రవాణాకు ఇది తొలి మెట్టు. 1945లో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్ విమాన సంస్థలో కూడా నిజాం ప్రభుత్వానికి ప్రధాన భాగం ఉండటంతో, నేల మీదా ఆకాశంలోనూ ప్రయాణ సాధనాలు ఒకే ఏలుబడి కిందికి వచ్చాయి.

విలీనం, వారసత్వం

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాదు భారత యూనియనులో చేరింది. 1950లో రైల్వే కేంద్ర ప్రభుత్వ అధీనంలోకి వచ్చింది. 1951 నవంబరు 5న గ్రేట్ ఇండియన్ పెనిన్సులా, సింధియా, ధోల్‌పూర్ రైల్వేలతో కలిసి సెంట్రల్ రైల్వేలో విలీనం కావడంతో నిజాం స్టేట్ రైల్వే అనే సంస్థ చరిత్ర ముగిసింది. అదే కాలంలో రోడ్డు రవాణా శాఖ రైల్వే నుంచి విడివడి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది. 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ దాని వారసురాలే. బొంబాయి నుంచి నడిచే సెంట్రల్ రైల్వేలో ఒక మూలగా మిగిలిపోయిన సికింద్రాబాదుకు 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడటంతో కేంద్రస్థానం హోదా తిరిగి దక్కింది.

ఈ చరిత్రను ఒక పాలకుడి ఔదార్యంగా కీర్తించడం గాని, వలస పాలకుల కానుకగా లెక్కించడం గాని న్యాయం కాదు. వాడి దారి సైన్యం కోసం పడింది, బెజవాడ దారి బొగ్గు కోసమూ వాటాదారుల వడ్డీ కోసమూ పడింది. ఆ రెండింటికీ పూచీ పడింది మాత్రం శిస్తు కట్టిన రైతు. 1883లో అఘోరనాథుడూ ఆయన సహచరులూ అడిగిన ప్రశ్న, ప్రజల సొమ్ముతో హామీ ఇచ్చే ముందు ప్రజలకు లెక్క చెప్పాలా వద్దా అన్న ప్రశ్న, ఆనాడు బహిష్కరణతో అణగిపోయినా అసంగతం కాలేదు. హామీ తొలగి రైల్వే సొంతమైన రెండేళ్లకే బస్సును రైలుకు తోడుగా నిలిపిన నిర్ణయం వెలువడిందన్న వాస్తవం ఆ ప్రశ్నకు చరిత్ర ఇచ్చిన సమాధానాలలో ఒకటి. నేడు కాజీపేట మీదుగా ఢిల్లీకి సాగే ప్రతి బండీ, పల్లె పొలిమేరలో ఆగే ప్రతి ఆర్టీసీ బస్సూ ఆ పాత సంస్థ ఆస్తిలో వాటా పంచుకున్నవే. ఆ ఆస్తికి తొలి మదుపరులు లండను వాటాదారులు కారు, ఈ నేల రైతులు.